వదినగారి రంగు గిన్నె

చిన్నమ్మడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మేమిద్దరం అని రాస్తుంటే నాకే కొత్తగా ఉంది. మీ నాన్న పోయాక ఈ ఇంటి నుంచి నీకు వచ్చిన ఉత్తరాలన్నింట్లోనూ నేనొక్కదాన్నే బాగున్నాను. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారనీ, గోడలకు వేయించిన రంగులు ఆరి వాసన పోయిందనీ తలుస్తాను.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం నేనూ ఉన్నానని గుర్తుచేస్తుంది. "మా అత్తగారు నీ వంటగిన్నెలన్నీ రంగులమయం చేసేసిందా?" అనడిగావు. లేదమ్మా. ఒక్క గిన్నె ముట్టుకోలేదు. తన గిన్నె తనే తెచ్చుకుంది. దాని మీద ప్లాస్టర్ ముక్క అతికించి, 'వంటకు కాదు' అని రాసి పెట్టుకుంది. ఉద్యోగమంతా ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి కదా, ఆ పద్ధతి ఎక్కడికి పోతుంది?

"ఆవిడతో ఎలా వేగుతున్నావమ్మా?" అని కూడా అడిగావు. ఉన్నమాట చెప్తాను. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, అయ్యేదాకా మా అత్తగారిని నీ దగ్గర ఉంచుకో అని నువ్వు రాసినప్పుడు నేను మూతి ముడిచాను. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. ఆవిడ నాకు దేనికీ ఉజ్జీ కాదనుకున్నాను. నేను ఒక మాటకు పది మాటలు చెప్పేదాన్ని, ఆవిడ పది మాటలకు ఒక నవ్వు నవ్వి ఊరుకునే రకం.

వచ్చిన మర్నాడే పొద్దున్న లేచి చూద్దును కదా, నా పూలమొక్కల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. నా మొక్కల మీద చెయ్యి వేస్తే నాకెలా ఉంటుందో నీకు తెలుసు. చిన్నప్పుడు నీ వీపే చెప్పేది. గబగబా వెళ్ళాను. ఆవిడ ఒడి చూపించి, "రాలినవే వదినగారూ. చెట్టు మీదవి మీవి, కింద పడ్డవి నావి. సరేనా?" అంది. 

ఆ రాలిన బంతిపూలు నీళ్ళలో కాచి, వడగట్టి, పటిక వేసి నానబెట్టిన తెల్ల ఊలు చిలపలు, అదే దారం చుట్టలు, అందులో ముంచింది. నేను స్టవ్ మంట పెంచబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "మరగనివ్వకూడదు వదినగారూ. ఊలుకు జ్వరం వచ్చినంత వేడి చాలు. అంతకు మించిందా, ముద్దకట్టేస్తుంది" అంది. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఆ గిన్నె పక్కనే రోగికి కాపలా ఉన్నట్టు కూర్చుంది. సాయంత్రానికి చల్లారాక తీసి చూపిస్తే ఏమని చెప్పను? పండిన నిమ్మకాయ రంగు. అందులోనే ఒక చిలపను తుప్పు మేకులు నానబెట్టిన నీళ్ళలో ముంచి తీస్తే, కళ్ళముందే పచ్చటి నాచు రంగుకు తిరిగింది. నేను నోరెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళుగా నేను చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో పోసినవి ఇవేనా అని!

నా ఘనకార్యం కూడా చెప్పాలి. ఒకరోజు ఆవిడ మందారాలతో లేత ఊదా రంగు వేసి నీడన ఆరేసి, స్నానానికి వెళ్ళింది. చిలపలకు పసరు వాసన వస్తోంది కదా, సాయం చేద్దామని నేను సబ్బు నీళ్ళలో వేసి నాలుగుసార్లు జాడించాను. ఊదా కాస్తా బూడిద పచ్చగా మారిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బకెట్ ఎక్కడ దాచాలా అని చూస్తుండగానే ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చేసింది. ఒక దారం పైకెత్తి వెలుగులో చూసింది. "మందారానికీ సబ్బుకూ పడదు వదినగారూ. వదిలెయ్యండి, ఇది కూడా బాగానే ఉంది. నేను వెయ్యాలన్నా రాని రంగు వేశారు" అంది. మాట దెప్పుతున్నట్టు కూడా లేదు. ఆ స్థానంలో నేనుంటే ఈపాటికి వీధి చివరికి వినబడేది!

ఆ ఊలుతోనే నీకు స్వెట్టర్ అల్లాం. చెరొక చెయ్యీ అల్లుదామనుకున్నాం కానీ నా అల్లిక బిగుతు, ఆవిడది వదులు. ఒక చెయ్యి పసిపిల్లకూ, ఒకటి పహిల్వానుకూ సరిపోయేలా తయారయ్యాయి. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వి, రెండూ విప్పేశాం. తర్వాత ఒక వరస నేను, ఒక వరస ఆవిడ, సూదులు చేతులు మార్చుకుంటూ అల్లాం. అప్పుడు కుదిరింది. పసుపు, నాచు రంగు, మధ్యలో నేను పాడుచేసిన మందారం చార. మందారం ఎండకు వెలుస్తుందట. వెలిస్తే మళ్ళీ వేస్తానంది.

ఇంక ఒక సంగతి. నీ ఉత్తరంలో, "రెండేళ్ళయింది మా ఇంటికి వచ్చి, ఇప్పటికీ బస్సు కోసం చూస్తున్నట్టు సంచి సర్దుకునే ఉంటుంది. మాతో ఉండటం ఆవిడకు ఇష్టం లేదు" అని రాశావు. ఇక్కడా అంతే. చీర సంచిలోంచి తీసుకోవడం, ఉతికి మడతపెట్టి మళ్ళీ సంచిలోనే పెట్టుకోవడం. పక్కనే బీరువా ఖాళీగా ఉంది. ఉండబట్టలేక అడిగేశాను.

"ఏ అరలో పెట్టుకోమంటారో ఎవరూ చెప్పలేదు వదినగారూ" అంది. "అడిగితే, ఉండిపోవడానికే వచ్చిందనుకుంటారేమోనని..."

"ఉండిపోవడానికే కదండీ మీ అబ్బాయి ఇంటికి వెళ్ళారు!" అన్నాను.

"అవుననుకోండి" అని నవ్వేసింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిన్ను అనడం లేదమ్మా, నేను మాత్రం ఏ అర చూపించాను? ఆవిడ వెళ్ళిపోయే మనిషని నువ్వనుకున్నావు, వెళ్ళిపొమ్మంటారేమోనని ఆవిడ అనుకుంది.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది చెప్తాను. ఆవిణ్ణి ఎప్పుడు పంపమంటావని నువ్వు అడిగావు. నాకు పంపాలని లేదు. నిన్ను అడక్కుండానే, ఇక్కడే ఉండిపొమ్మని ఆవిణ్ణి అడిగేశాను. ఒకసారి కాదు, బతిమాలాను. పెరట్లో పూలన్నీ, చెట్టు మీదవి కూడా మీవేనన్నాను. నా నోట ఆ మాట వచ్చిందంటే ఆలోచించుకో.

ఆవిడ దారం ఉండ చుడుతూనే అంది: "మీ అమ్మాయి నన్ను తిడుతుంది వదినగారూ, ఇల్లంతా వాసనేనని. నిజమే. కానీ ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా వచ్చి గిన్నె మూత తీసి చూస్తుంది. చూశాకే తిడుతుంది. చూడకుండా ఒక్కనాడూ తిట్టలేదు. ఇవాళ ఏ రంగు వచ్చిందోనని చూసేవాళ్ళు ఈ వయసులో ఎవరికి దొరుకుతారు చెప్పండి? నేను వెళ్తాను."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? నీ ఇంట్లో ఉన్న మనిషి ఎలాంటిదో నేను చెప్తే తప్ప నీకు తెలియలేదు. ఆవిడ మాత్రం నిన్ను నాకంటే బాగా చూసింది. కన్నదాన్ని, నువ్వు మూత తీసి చూస్తావని నాకే తెలీదు.

ఆదివారం బస్సు ఎక్కిస్తున్నాను. అల్లుడుగారిని కాస్త ముందుగా స్టాండుకు పంపు. బట్టలు అట్టపెట్టెలో సర్ది తాడు కట్టాను. సంచి ఏదని ఆవిడ ఇల్లంతా వెతుకుతోంది. దొరకదు. నేను దాచేశాను. కాబట్టి ఆవిడ వచ్చేలోగా బీరువాలో ఒక అర ఖాళీ చేసి, ఇది మీదేనని నీ నోటితో చెప్పు.

ఇట్లు,
ఆదివారం నుంచి మళ్ళీ ఒక్కతే బాగుండబోయే
మీ అమ్మ