అందిందన్నాను, ఒప్పుకోలేదు

తిరువొత్తియూరు,
ఆదివారం.

రాజ్యం అక్కకు,

సుభద్ర నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. ఒట్టు, బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావ, పిల్లలు కులాసాయేనా? ఇక్కడ ఒకటే ఉక్కపోత. ఫ్యాను తిరుగుతున్నా కాగితం చేతికి అంటుకుంటోంది. హాస్టలు సాంబారు తిని తిని నాలుక చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఊరమిరపకాయలు పంపించు.

మొన్న ఫోనులో "సంతకం పెట్టేసి ఉద్యోగం నిలుపుకోవే" అని ఠక్కున పెట్టేశావు. నాకు కోపం వచ్చింది. అందుకే జరిగిందంతా రాస్తున్నాను. చదివాక తిట్టు.

ఇక్కడికి పక్కనే మనలి అనే చోట ఉన్న మా కెమికల్ కంపెనీ స్టోర్సులో పోయిన వారం ఒక యాసిడ్ డ్రమ్ము మూత ఊడి, లోడింగ్ చేసే మురుగన్ అన్న పాదం కాలింది. ఆ మూతలు అరిగిపోయాయి, మార్చండని గుమాస్తాగా నేను రెండుసార్లు రాసిచ్చాను. రెండు కాగితాల మీదా మేనేజరు గారి పొట్టి సంతకం ఉంది. అయినా మర్నాడు మెమో నాకే వచ్చింది, చూసుకోకుండా డ్రమ్ము ఇచ్చానని.

మెమో ఇస్తే ఇవ్వనీ. కానీ నేను సంతకం పెట్టే చోట "అడ్మిట్" అని టైపు చేసి ఉంది. అంటే తప్పు నాదేనని ఒప్పుకోవడం. "ఇక్కడ అక్నాలెడ్జ్ అని ఉండాలి సార్, కాగితం అందిందని మాత్రమే పెడతాను" అన్నాను.

మేనేజరు గారు తాతల కాలం నుంచీ జార్జి టౌన్‌లో ఉంటున్న తెలుగువారే, మనం 'కదా' అనే చోట అరవంలో 'దానే' అంటారు. నవ్వారు. "రెండూ ఒకటే దానేమ్మా. ఈడ అందరూ అట్నే పెడతా ఉండారు. ఒక సైన్ దానే, పెట్టేసి పో."

"ఒకటే అయితే నా మాటే ఉంచండి సార్" అన్నాను. ఆయన నవ్వు పోయింది.

"ఊరు గాని ఊరొచ్చి ఇంత రోషమా? రేపట్నించి గేటు కాడ్నే నిలబడతావు, చూసుకో" అన్నారు.

అప్పుడు నాకెవరు గుర్తొచ్చారనుకున్నావు? నువ్వే. నువ్వు పోస్టు ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు నీ సైకిలు వెనక కూర్చుని వచ్చేదాన్ని కదా. గోడ తగాదాలో రమణమ్మత్తకు మరిది వకీలు నోటీసు పంపించాడు. సంతకం పెడితే గోడ పోతుందని ఆవిడ తలుపు చాటున దాక్కుంది. నువ్వు ఆమె అరుగు మీద కూర్చుని, "అత్తా, ఈ కార్డు మీద సంతకం కవరు నీ చేతికొచ్చిందని చెబుతుంది, అంతే. లోపల రాసిందానికి ఒప్పుకున్నట్టు కాదు. తీసుకో, చదివించుకో, గట్టిగా జవాబియ్యి" అన్నావు. ఆవిడ తీసుకుంది, జవాబిచ్చింది. గోడ ఇవాళ్టికీ అక్కడే ఉంది. ఊరందరికీ ఆ ధైర్యం చెప్పినదానివి, సొంత చెల్లెల్ని మాత్రం తల వంచమంటావా?

నేను వంచలేదు. "అడ్మిట్" ఉన్న లైను కొట్టేసి, మెమో అందింది, తప్పు నాది కాదు, జవాబు విడిగా ఇస్తాను అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. పాత కాగితాల నకళ్లు జతచేసి జవాబూ ఇచ్చాను. అది అందినట్టు వాళ్లు ముద్ర వేసేదాకా కుర్చీలోంచి లేవలేదు.

అన్నట్టే గేటు దగ్గర ఆపేశారు. మూడు రోజులుగా పొద్దున్నే ఎనిమిదింటికి వెళ్లి గేటు బయట నిలబడుతున్నాను. నిన్న మురుగన్ అన్న కాలికి కట్టుతోనే ఆటోలో వచ్చాడు. మూతల గురించి నేను రాసిన కాగితాలు తనకూ కావాలని తమిళంలో అడిగాడు. నకళ్లు ఇచ్చాను.

ఉద్యోగం పోతుందేమో అక్కా. భయంగానే ఉంది. అయినా చేయని తప్పు నాదని రాసిచ్చి మాత్రం ఆ గేటు లోపలికి వెళ్లను. అమ్మకు ఇప్పుడే ఇదంతా చెప్పకు. నా పాదనమస్కారాలు చెప్పు, బాగా తింటున్నానని చెప్పు.

ఈ ఉత్తరం అక్నాలెడ్జిమెంటు కార్డు పెట్టి పంపుతున్నాను. మన ఊరి పోస్టంతా నీ చేతి మీదుగానే కదా, నీకు నువ్వే ఇచ్చుకుని సంతకం పెట్టు. అందిందని పెట్టినా చాలు, నిన్ను బలవంతపెట్టను. నేను చేసింది సరేనని ఒప్పుకుంటే మాత్రం సంతకం పక్కన "ఒప్పుకున్నాను" అని ఆ ఒక్క మాట రాయి. ఆ కార్డు నాకు తిరిగొచ్చాక జాకెట్లో పెట్టుకుని గేటు దగ్గర నిలబడతాను.

నువ్వు చెప్పిన మాట మీదే ఉన్న నీ చెల్లెలు,
సుభద్ర