నక్షత్రం రాని సోమవారం

మండపేట,
మంగళవారం

మా నూకరత్నం అక్కకి,

నీ చంకనెక్కి పెరిగిన చినబాబు రాసేది. ఫోనుండగా వీడికి ఉత్తరమేంటి అనుకుంటావు. నీ ఫోను నీ కోడలు దేవిశ్రీ చేతిలో ఉంటుంది, స్పీకరు పెట్టందే ఆవిడకి వినపడదు. ఇది వీధికి వినిపించే మాట కాదు. అందుకే కవరు గట్టిగా అంటించి, మీ ఊరు వచ్చే కూరగాయల వ్యాను గణేష్‌బాబు చేతికిస్తున్నాను. కార్తీకమాసం కదా, నా చేపలబుట్ట వంక చూసే నాథుడు లేడు. తీరికే తీరిక.

నిన్న సోమవారం నీకేమైందో నీకు తెలియదు. "కళ్ళు తిరిగాయి" అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టారు. నేను చెబుతాను.

నేను వచ్చేసరికి సాయంత్రం అయిదు. తుఫాను మబ్బు పట్టిసీమ వీరభద్రుడి గుడి వైపునుంచి మీ రేవుదాకా కప్పేసి ఉంది. నువ్వు అరుగుమీద కూర్చుని, తలెత్తి నక్షత్రం కోసం చూస్తున్నావు. ఆ గాలికి నాకు చలేస్తుంటే నీ జాకెట్టు చెమటకి తడిసి ముద్దైంది. చేతులు వణుకుతున్నాయి. "అక్కా" అన్నాను. తిరిగి చూసి, రెండు చేతులూ జోడించి, "ఎవరండీ తమరు?" అన్నావు.

ఊరంతటినీ ఆటపట్టించే నన్నే ఆటపట్టిస్తోందనుకున్నాను. "వీరభద్రుణ్ణండి, ప్రసాదం ఏదండీ?" అన్నాను. నువ్వు నవ్వలేదు. "మా తమ్ముడి చొక్కా వేసుకున్నారేంటండీ? ఇచ్చెయ్యండి. వాడింకా నీళ్ళలోనే ఉన్నాడు, వస్తే చలేస్తుంది" అన్నావు. ఎంత మర్యాదగా అన్నావో! తిట్టినా బాగుండేది. యాభై ఏళ్ళవాణ్ణి, నా చొక్కా గుండీల మీదకి నా చెయ్యే పోయింది.

దేవిశ్రీ హారతిపళ్ళెం, వేపమండలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "బాబాయిగారూ, అత్తయ్యగారి మీదకి అమ్మోరొచ్చిందండీ, దణ్ణం పెట్టుకోండి!" పూనకాల సంగతి నాకా చెప్పేది? జాతరలో సారా కోసం నేనెన్నిసార్లు పూనలేదు! పూనినవాడి కళ్ళు జనాన్ని వెతుకుతాయి. నీ కళ్ళు దేన్నీ వెతకడం లేదు. "పొద్దున్నుంచి ఏం తింది?" అని అడిగాను. "ఏమీ లేదండీ. షుగరు మాత్ర మాత్రం వేసుకున్నారు. మాత్ర కూడు కాదు కదా, ఉపవాసం చెడదన్నారు" అంది.

పక్కింటి తాతాజీగారు తన షుగరు మిషను తెచ్చి నీ వేలు గుచ్చారు. యాభై ఒకటి. "హారతి పక్కన పెట్టండమ్మా! కూడు లేకుండా మాత్రేసుకుంటే షుగరు పాతాళానికి పోదా? మింగగలుగుతోంది, ముందు పంచదార నీళ్ళు తాగించండి" అని అరిచారు. గ్లాసు పెదవి దగ్గర పెడితే నువ్వు పళ్ళు బిగించావు. "నక్షత్రం రాలేదండీ." నేను ఆ నల్లటి మబ్బులోకి వేలు చూపించి, "అదిగో, వచ్చిందండీ" అన్నాను. నువ్వు చాలాసేపు చూశావు. "అవునండీ, వచ్చింది" అని తాగావు. అక్కడ ఏం చూశావో గాని, నేను మళ్ళీ ఆ వైపు తల ఎత్తలేదు.

పావుగంటకి, "ఒరే చినబాబూ, ఎప్పుడొచ్చావురా?" అన్నావు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

అసలు సంగతి ఇది. నా పన్నెండో ఏట నేను గోదాట్లో మునిగానని, భీమరాజు మావయ్య తీశాడని నమ్మి, నేను బతికితే కార్తీక సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఏమీ ముట్టనని నువ్వు మొక్కుకున్నావు. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా కోసం కడుపు మాడ్చుకున్నావు. అక్కా, నేను మునగలేదు. బోర్లించిన నావ కింద దాక్కుని, జామకాయలు తింటూ మీ ఏడుపులు విన్నాను. మావయ్య నన్ను కనిపెట్టి, దెబ్బలు తప్పించడానికి నీళ్ళలోంచి తీశానని చెప్పాడు. నా జన్మలో మొదటి వేళాకోళం అదే. ఆయన పోయాడు, అమ్మ పోయింది. నేను నోరు విప్పలేదు. పోయి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తావు నువ్వు నన్ను. ఆ చూపు పోతుందని భయం.

మొక్కే అబద్ధం. నన్ను గుమ్మం తొక్కనివ్వకు, ఫరవాలేదు. వచ్చే సోమవారం మాత్రం తినవే.

నీ దొంగ తమ్ముడు
చినబాబు


శుక్రవారం

చిరంజీవి తమ్ముడు చినబాబుని అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను. కోపంతో కాదు. దేవిశ్రీ చదువుతుందని.

నువ్వు నావ కింద దాక్కోలేదురా.

అది కార్తీక సోమవారం. నాకు పదహారేళ్ళు, నేను గట్టునే ఉన్నాను. మావయ్య వల లాగితే చేపల మధ్య నువ్వొచ్చావు. పెదాలు నల్లబడిపోయాయి. నీళ్ళు కక్కించినా కళ్ళు తెరవలేదు. నీ తడిచొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నక్షత్రాలు పొడిచాక తెరిచావు. అందుకే అలా మొక్కాను.

ఆ తర్వాత నీకు మూడు రోజులు జ్వరం. చెంబులో నీళ్ళు చూసినా కేకలు పెట్టేవాడివి. వల మీద బతికే ఇంట్లో నీళ్ళంటే భయపడే పిల్లాడు ఏం తిని బతుకుతాడు? అమ్మ నీ చెవి దగ్గర కూర్చుని, "నువ్వు మునగలేదురా. నావ కింద దాక్కున్నావు. జామకాయలు తిన్నావు. మమ్మల్ని ఏడిపించావు, దొంగా" అని అదే పనిగా చెప్పింది. ఆ జామకాయలు అమ్మ చెప్పినవే. మన రేవు దరిదాపుల్లో జామచెట్టే లేదు.

నాలుగోనాడు లేచి పకపకా నవ్వావు. అంతకుముందు నువ్వు గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. వేళాకోళం అంటే తెలియని పిల్లాడివి. అమ్మ దిష్టి తీసి సంతోషించింది. నేను మాత్రం, ఈ లేచినవాడు మా తమ్ముడేనా అని చాలా రోజులు నీ వంక చూస్తూ ఉండేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. షుగరు పడిపోతే ఆ మాట బయటపడ్డట్టుంది. నాకేమీ గుర్తులేదు.

నిన్న తాతాజీగారు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. తినకుండా ఆ మాత్ర వేసుకోవడం తప్పంది. నా ఇష్టానికి మాత్ర మానెయ్యడమూ తప్పేనంది. ఉపవాసం ఉండాలంటే ముందు తననడగాలట. వణుకొచ్చినా, చెమట పట్టినా, మిషనులో డెబ్బైకి తగ్గినా, ఏ దేవుడి రోజైనా వెంటనే పంచదార వేసుకోవాలట. నా ఒంటికి మాత్రం పూర్తి ఉపవాసం పనికిరాదని గట్టిగా చెప్పింది. ఒప్పుకున్నాను. శివుడు నిన్నిచ్చాడు గాని బదులుగా నన్ను అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం అన్నం తింటాను. నీకూ కంచం పెడతాను, రా. ఆనాడు కళ్ళు తెరిచింది ఎవరైనా సరే, అన్నం పెట్టి పెంచింది నేను.

నీ అక్క
నూకరత్నం