పేరు లేని వేప బల్ల

మద్రాసు, 4-2-1963

ప్రియమైన అన్నయ్యకు,

పద్మనాభం నమస్కారాలు. మా జపాను మేస్త్రిగారు చివరికి నాకో బల్ల అప్పగించారు. గీత గీయడం నుంచి మెరుగు పెట్టేదాకా అంతా నేనే చేస్తే, అడుగున నా పేరు చెక్కుకోవచ్చట. ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట! వచ్చే నెల ఇక్కడే ప్రదర్శన. మన పడవల కొట్టంలో మూలన పడి ఉన్న ఆ వేప పలక పంపు. పగులుతో, వంకర అంచులతో ఉన్నదున్నట్టే పంపు. ఆయన పద్ధతిలో చెట్టు పెరిగిన తీరును దాచరు. కాళ్ళు మాత్రం ఈ కాలానికి తగ్గట్టు సన్నగా, సాదాగా పెడతారు.

నీ తమ్ముడు,
పద్మనాభం

మైపాడు, 16-2-1963

చిరంజీవి పద్మనాభానికి,

పలక లారీలో వేశాను. చూసి మురిసిపోతావు. ఒక అంచు వంకర లేకుండా బాడిసతో చెక్కి తీర్చేశాను, రెండోది మొదలుపెట్టేలోపే లారీ వచ్చింది. పగులులో గుగ్గిలం, నూనె కలిపి కూరాను. పడవకైనా సరే, చుక్క నీరు దిగదు. నువ్వు మొహమాటపడి అడగలేదు గాని, పగులు పూడ్చకుండా పలకను కొట్టం దాటించడం మన ఇంటా వంటా లేదు. మీ వదిన కూడా "జపానాయన ముందర మనోడి పరువు నిలబెట్టినారు" అంది.

ఆశీస్సులతో,
మాల్యాద్రి

మద్రాసు, 20-3-1963

అన్నయ్యకు,

కోపంతో మూడు ఉత్తరాలు రాసి చించేశాను. గుగ్గిలం గీకడానికే నాలుగు రోజులు పట్టింది. పగులు ఇంకా విచ్చుకోకుండా సీతాకోకచిలుకల్లా కోసిన చెక్కముక్కలు మూడు బిగించాను. ఒక్క మేకు లేదు. నువ్వు తీర్చిన అంచును మాత్రం ఏం చేయగలను? మేస్త్రిగారు దాని మీద వేలు నడిపి, ఏ మిషను మీద కోశావని అడిగారు. నా పనేనంటే సరిపోయేది. నోరు రాలేదు. "మిషను కాదు, మా అన్న బాడిస" అన్నాను. అయితే నా పేరు చెక్కే వీల్లేదన్నారు. బల్ల ప్రదర్శనలో ఉంది, పేరు లేకుండానే. బాధగా ఉంది. అయినా దాన్ని చూసినప్పుడల్లా గర్వంగానే ఉంది.

పద్మనాభం

మైపాడు, 9-4-1963

ప్రియమైన తమ్ముడూ,

నీకు చెప్పకుండా మద్రాసు వచ్చి వెళ్ళాను. చేసిన నిర్వాకానికి నీ ఎదుటపడే ముఖం లేకపోయింది. బల్ల చూశాను. ఆ పగులును ఏటి పాయలా నడిపించావురా! జన్మలో నా వల్ల కాదు. పక్కనే నా అంచు పొగరుగా నిలబడి ఉంది. అదీ బాగానే ఉందిలే.

అక్కడ ఒకాయన వంగి బల్ల అడుగున చూసి, "ఎవరు చేశారో పేరే లేదు" అన్నాడు. నేను ఊరుకుంటానా? సముద్రం హోరులో పడవవాళ్ళను పిలిచే గొంతుతోనే చెప్పాను.

"పేరు లేకపోవడమేంది సామీ? పద్మనాభం! మైపాడు మాల్యాద్రి తమ్ముడు చేసినాడు!"

హాలంతా తిరిగి చూసింది. వెనకున్న వాళ్ళకు వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పాను.

నీ అన్న,
మాల్యాద్రి