పటేలు పట్టిన దోసిలి

మెదక్ దవాఖాన నుండి

మా నాయిన యోహాను పాదాలకు నీ బిడ్డ సువార్త ప్రభువు పేరట మొక్కి రాస్తున్నది. దేవుని దయవల్ల నాకు ఒంట్లో బాగున్నది. నీకూ, నాయినమ్మకూ, మన వాడలో అందరికీ బాగుండాలని పొద్దున లేవగానే ప్రార్థనలో అడుగుతున్నాను, పడుకునే ముందు మళ్ళీ అడుగుతున్నాను. విసుగు వస్తే దేవునికి రావాలి గానీ నాకు రాదు. పటాలం వచ్చింది, తుపాకులు పేలినాయి అని విని నువ్వు నా గురించి పరేషాన్ అయి ఉంటావు. ఫికర్ పెట్టుకోకు. నాకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

ఈ ఉత్తరం మన వాడలో వాక్యం చెప్పే పంతులు గారి చేతికే ఇస్తున్నాను. జ్వరం మందు తీసుకుపోవడానికి దవాఖానకు వచ్చినారు. మంజీర ఏరు నిండుగా పారుతున్నా వెదురు పుట్టిలో దాటి పోతానంటున్నారు. చదివి వినిపించేది కూడా ఆయనే కాబట్టి ఆయనతో ఒక మాట. పంతులు గారూ, సగం దాకా అరుగు మీద కూర్చుని చదవండి, వాడంతా వినవచ్చు. పటేలు పేరు వచ్చిన కాడ మాత్రం లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకోండి. నాయినమ్మకు వినపడదని గొంతు పెంచకండి.

నా పని ఆడవాళ్ళ వార్డులోనే. పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, లేవలేని వాళ్ళకు తినిపించడం. మొదట్లో రోగుల మూలుగు వింటే అన్నం సహించేది కాదు, ఇప్పుడు అలవాటైంది. ఆయాలకు రెండు పూటలా అన్నం, పప్పుచారు పెడతారు. కడుపు నిండుతుంది, కానీ జొన్నరొట్టె మీదికి మనసు పోతుంది. పంతులు గారు మళ్ళీ వచ్చేటప్పుడు నాయినమ్మ చేతి చింతకాయ తొక్కు చిన్న ముంతలో పంపు. పొద్దు గూకే యాళకు మీ అందరి మీదికి పాణం కొట్టుకుంటుంది, అప్పుడు ఏదో ఒక పని కల్పించుకుంటాను. అయినా ఫికర్ పెట్టుకోకు.

కరువులో నువ్వూ తాతా రాళ్ళు మోసి కూలికి నూకలు తెచ్చుకున్న ఆ పెద్ద ప్రభువు గుడిలోనే నేను ప్రతి ఆదివారం కూర్చుంటున్నాను. రంగు అద్దాలలో నుంచి ఎండ లోపలికి వచ్చి నేల మీద, మా చేతుల మీద ఎర్రగా, నీలంగా పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు పాట మధ్యలో నా నోరు ఆగిపోయింది. పక్కన కూర్చున్న నర్సమ్మ గిల్లితే గానీ మళ్ళీ అందుకోలేదు. పైకప్పు దిక్కు చూస్తే మెడ నొస్తుంది గానీ చూపు తిప్పబుద్ధి కాదు. ఇంత పనిలో చెయ్యి పెట్టిన మనిషివి, ఒక్కనాడైనా గొప్పగా చెప్పుకోలేదేమి నాయినా? రాళ్ళు బరువుగా ఉండేవి అన్నావు, అంతే.

ఇప్పుడు లోపలికి పోండి పంతులు గారూ.

రజాకార్లు ధాన్యం అడిగితే మన పటేలు ఇయ్యనన్నాడని గడ్డివాములు తగలబెట్టినారు గదా. ఆ తర్వాత పటేలమ్మను తీసుకొని ఆయన ఎటు పోయినాడో ఊర్లో ఎవరికీ తెలియలేదు. ఇక్కడికే వచ్చినాడు. బజారులో చుట్టాల గల్లీలో ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. వచ్చిన కొన్నాళ్ళకే పటేలమ్మకు విడువని జ్వరం పట్టింది, దవాఖానలో చేర్చినాడు. ఆమె మంచం నా వంతులోకే వచ్చింది.

మొదటి రోజే ఆయన నన్ను గుర్తుపట్టినాడు, గుర్తుపట్టనట్టే ఉన్నాడు. నేనూ అట్లనే ఉన్నాను. పటేలమ్మ ఒళ్ళు తుడవనిచ్చేవారు, చీర మార్చనిచ్చేవారు, రోగంలో తప్పదు గదా. నీళ్ళు మాత్రం నా చేతివి వద్దు. దవాఖాన బాయిలో మాలలు, మాదిగలు అందరూ చేదుతారని ఆ బాయి నీళ్ళే వద్దు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పటేలే గల్లీ నుండి ఇత్తడి బిందె మోసుకొచ్చి, మూతికి బట్ట కట్టి మంచం పక్కన పెట్టేవాడు. మన పటేలు నీళ్ళ బిందె మోయడం మన ఊర్లో ఎవరైనా చూసినారా? నేను చూసినాను. నవ్వు వచ్చింది, బిగపట్టుకున్నాను.

అట్లుండగా నిజాం మీదికి ఇండియా యూనియన్ పటాలం వస్తున్నదని తెలిసింది. విమానాలు మా తలల మీదుగా పోయినాయి. కిటికీలు గడగడలాడితే రోగులు మంచాల కిందికి దూరినారు. రజాకార్లు పారిపోతూ ఏం చేస్తారోనని డాక్టరమ్మ గేటుకు తాళం వేయించి, ఎవరూ బయటికి పోవద్దన్నది. పటేలు మాతోనే లోపల చిక్కుకున్నాడు. పొద్దున తెచ్చిన బిందె మధ్యాహ్నానికే అడుగంటింది. వాన చుక్క లేదు, ఒకటే ఉక్కపోత. పటేలమ్మ పెదవులు ఎండి పగిలినాయి. కండ్లు తెరిచి నన్ను చూసింది.

“ఏ పిల్లా, దూపైతుంది. జరన్ని నీళ్ళు పొయ్యి.”

నేను పటేలు దిక్కు చూసినాను. ఆయన గోడ దిక్కు తిరిగినాడు. వద్దనలేదు. ఆమె తల ఎత్తి పట్టుకొని దవాఖాన బాయి నీళ్ళే గిన్నెతో తాగించినాను. సగం తాగి, ఊపిరి పీల్చుకొని మిగిలిన సగం తాగింది. నా చేతి మీదనే నిద్రపోయింది.

అప్పుడు నాకు అమ్మ యాదికొచ్చింది నాయినా. నువ్వు ఆ మాట ఎన్నడూ ఎత్తవు. నేను చిన్నదాన్నే గానీ మరిచిపోలేదు. అమ్మకూ ఇట్లాంటి జ్వరమే. నువ్వు కుండ పట్టుకొని ఊరి బాయి గట్టు కింద నిలబడినావు. మనం గట్టు ఎక్కరాదు, ఎవరైనా పై నుంచి చేది పోయాలి. ఆ మిట్టమధ్యాహ్నం పోసే మనిషి ఒక్కరూ రాలేదు. నువ్వు ఉత్త కుండతో తిరిగి వచ్చినావు. అమ్మ పోయినప్పటి నుండి ప్రతి ఏడూ పటేలు వాకిట్లో నిలబడి, వాడ పక్కన ఉత్తగా పడి ఉన్న పడావు జాగ ఇస్తే మా రెక్కలతో మేమే బాయి తవ్వుకుంటామని అడుగుతూనే ఉన్నావు. ప్రతి ఏడూ ఆయన అనేది ఒక్కటే, “చూద్దాం తీ.”

ఆ సాయంత్రం నేను దవాఖాన బాయి గట్టు మీద నిలబడి బొక్కెనతో నీళ్ళు చేదుతున్నాను. పటేలు వచ్చి గట్టు కింద నిలబడినాడు. పొద్దుటి నుండి ఆయన గొంతులో చుక్క పడలేదు. తల రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి, వంగి, నోటి కాడ దోసిలి పట్టినాడు.

“పొయ్యి బిడ్డా.”

బిడ్డా అన్నాడు. ఊర్లో ఉన్నన్నాళ్ళూ నేను ఆయనకు ‘ఏ పోరీ’నే.

నా నాలుక మీదికి ఏం వచ్చిందో చెప్పనా? “చూద్దాం తీ పటేలా” అన్న మాట వచ్చి కూర్చున్నది. దాని వెనక ఇంకొకటి వచ్చింది, బాయికి జాగ ఇస్తానంటేనే పోస్తానని. ఆ నిమిషంలో అడిగి ఉంటే ఒప్పుకునేవాడే. రెండూ మింగి బొక్కెన వంచినాను.

నీళ్ళు నిలవలేదు. వేళ్ళ సందుల్లో నుంచి కారి, మోచేతుల మీదుగా అంగీ చేతుల్లోకి పోయినాయి. ఇంకొన్ని పోసినాను, అవీ పోయినాయి. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు దోసిలి పట్టడం రాదు. పుట్టిన కాడి నుండి ఆయన ఎన్నడూ అట్లా తాగలేదు. మనకైతే అన్నం కలుపుకోవడం రాకముందే ఇది నేర్పుతారు.

“చిటికెన వేళ్ళు గట్టిగ కలుపుండ్రి పటేలా. మోచేతులు జర మీదికి లేపుండ్రి. చేతుల అంచు కింది పెదవికి ఆనించుండ్రి.”

చెప్పినట్టు చేసినాడు. ఈసారి నిలిచినాయి. చాలు అనకుండా తాగినాడు. తల ఎత్తినప్పుడు గడ్డం మీది నుండి నీళ్ళు కారుతున్నాయి.

“గిట్లనేనా మీరు తాగేది?”

“గిట్లనే పటేలా.”

“మీ నాయిన గూడ?”

“నాయిన గూడ.”

పటేలు చేతులు తుడుచుకోకుండానే వార్డు దిక్కు పోయినాడు. నా పక్కనే చెంబు ఉన్నది. ఆయన అడగలేదు, నేను ఇయ్యలేదు.

నేను బొక్కెన పక్కన పెట్టి గట్టు మీదనే కూర్చున్నాను. ప్రభువు కూడా ఒకనాడు నడిచి నడిచి అలసి బాయి కాడ కూర్చున్నాడనీ, తనవాళ్ళు ముట్టని ఆడమనిషిని నీళ్ళడిగినాడనీ పంతులు గారు మనకు ఎన్నిసార్లు చెప్పలేదు? అక్కడ ఆయన ఆమెకు చెప్పిన మాటలే గొప్ప అనుకునేదాన్ని. ఆయనకు దూప అయింది చూడు, అదే గొప్ప అని ఇప్పుడు తెలిసింది. నదులను, సముద్రాలను చేసినవాడు నోరు తెరిచి నీళ్ళడగడం. అంత కిందికి ఎట్లా దిగినాడో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. గట్టు మీద నేను, కింద పటేలు. ఇది నేను చేసింది కాదు, పటేలు చేసింది కాదు, విమానాలు చేసింది కూడా కాదు. రోజూ ఆ బాయి కాడికి పోయినప్పుడు గుడిలోకి పోయినట్టే చెప్పులు విడవాలనిపిస్తుంది.

బాయి సంగతి అడగలేదని నువ్వు కోపం చేస్తావేమో. దూపతో వంగిన మనిషితో బేరం ఆడితే రేపు దేవుని ముందు నేను నిలబడలేను. అమ్మ ముందు అసలే నిలబడలేను.

తర్వాత పటాలం బజారులోకి వచ్చింది. జనం జెండాలు పట్టుకొని తిరిగినారు, మేము గుడిలో చేరి స్తోత్రాలు చెప్పినాం. కానీ నాయినా, భయం మెదక్ విడిచి పోలేదు, ఇల్లు మారింది అంతే. మొన్నటి దాకా మనం తలుపులు బిగించుకున్నాం, ఇప్పుడు సాయిబుల ఇండ్లలో బిగించుకుంటున్నారు. ఏ పాపం ఎరుగని ఆడవాళ్ళు పిల్లలతో వచ్చి దవాఖాన వరండాలో తలదాచుకున్నారు. వాళ్ళకూ ఆ బాయి నీళ్ళే మోస్తున్నాను. వాళ్ళ గురించి కూడా ప్రార్థన చెయ్యి.

పటేలమ్మకు జ్వరం దిగింది. గేటు తీసినాక పటేలు మళ్ళీ గల్లీ నుండి బిందె మోస్తున్నాడు. బిందె నిండుగా పక్కనే ఉంటుంది, పటేలమ్మ మాత్రం “సువార్తా, నీళ్ళియ్యి” అని నన్నే పిలుస్తుంది. సరిగ్గా అప్పుడే పటేలుకు కిటికీ అవతల ఏదో కనబడుతుంది.

నిన్న వరండాలో నన్ను ఆపినాడు. “మంజీర జర తగ్గినంక ఊరికి పోతున్నం. గా ముచ్చట మీ నాయినకు రాయకు. నేనే చెప్త” అన్నాడు. నేను సరే అనలేదు, కాదనలేదు. నా నోరు కట్టడానికి అన్నాడో, నిజంగా చెప్పాలనే అన్నాడో తెలియదు. ముఖం చూస్తే నిజమే అనిపించింది. అయినా చూద్దాం తీ అనే మనిషి గదా, అందుకే రాస్తున్నాను.

నాయినమ్మకు నా మొక్కులు. రాత్రిపూట ఆమెకు మోకాళ్ళకు నూనె రాయడం మరవకు. వాడలో పెద్దలందరికీ పేరు పేరునా దండాలు చెప్పు. మేక ఈనిందో లేదో పంతులు గారితో రాయించు. నా గురించి ఫికర్ పెట్టుకోకు, మళ్ళీ చెప్తున్నాను. నన్ను కాచిన దేవుడే మిమ్మల్నందరినీ కాచుకోవాలి.

నాయినా, పటేలు మన వాడకు వస్తే నీకేమీ తెలియనట్టే ఉండు. ఆయన మాట ఆయన నోటితోనే రానియ్యి. మంచం వాల్చి కూర్చోమను. మన చెంబుతో నీళ్ళు ఇయ్యి. తాగితే బాయి జాగ సంగతి అడుగు. తాగకపోయినా అడుగు.

నీ దీవెన కోరే బిడ్డ,
సువార్త