రెండు రబ్బరు రింగులు

బావా, మన పెద్దపిల్ల ఎక్కాక షికారు బోటు నడినీళ్లలో నిప్పంటుకుంటుందేమోనని నా భయం. పొద్దున డీజిల్ ఫిల్టర్ నేనే మార్చాను. కొత్తది బిగించాక పాతదాన్ని పారేయబోతే దానికి రబ్బరు రింగు లేదు. ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉంటుంది. రెండు రింగుల మీద బిగిస్తే వేడి ఇంజిన్ మీద డీజిల్ కారుతుందని నువ్వే చెప్పావు. మళ్లీ విప్పుదామంటే చంటిదాని ఒళ్లు కాలిపోతోంది, ఆసుపత్రికి పోతున్నాను. నువ్వే విప్పి పాత రింగు పీకెయ్యి. మళ్లీ బిగించాక డీజిల్ గొట్టంలో చేరిన గాలి తీయడం మరిచిపోకు. "ఎనిమిదితో బడి మానేసినదానికి ఇంజిన్ పనులెందుకే" అని మాత్రం అనకు. నీ నడుం నొప్పి చూడలేకే చేశాను.

నీ ఫోన్ ఇంట్లోనే వదిలేశావు, మామయ్యేమో ఎత్తడం లేదు. బడి వదలగానే పెద్దదాన్ని షికారు తిప్పుతానన్నారు, బోటు తాళం ఆయన జేబులోనే ఉంది. అన్నం తర్వాత తిందువుగాని, ముందు రేవుకి వెళ్లి ఆయనెక్కడున్నారో చూడు.