శుక్రవారం అత్తయ్యగారికి జావ ఎవరు పడతారు?

ప్రియమైన అమ్మకు,

దేవుని దయవల్ల ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్న బీపీ బిళ్ల మానకుండా వేసుకుంటున్నారా? ఫోన్ చేద్దామంటే కాకినాడలో మా ఇల్లు ఒక్క గదే కదా, అత్తయ్యగారు వింటారు. అందుకే రాస్తున్నాను.

వానాకాలం నుంచి అత్తయ్యగారు చిక్కి సగమయ్యారు. కుర్చీలోంచి లేవాలన్నా నా భుజం కావాలి. అయినా శుక్రవారం ఉపవాసం మానరు. మంచినీళ్లు కూడా ముట్టరు. మొన్న శుక్రవారమూ అలాగే ఉన్నారు, పైగా జ్వరం. శనివారం పొద్దున్న నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు, కూలికొచ్చావా? గెలలు దించు, లారీవాడు హారన్ కొడుతున్నాడు" అన్నారు. రావులపాలెం అరటి మార్కెట్టులో పనిచేసిన రోజులనుకున్నారు! చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గాలిలో గెలలు కడుతూనే ఉన్నారు.

నిడదవోలు నుంచి వదినగారు దిగారు. "అమ్మని దురాత్మ పట్టింది. అందరం ఉపవాసముండి ప్రార్థన చేద్దాం, అమ్మ నోట్లో ఏమీ పెట్టొద్దు" అన్నారు. విరగ్గొడతారని అత్తయ్యగారి కళ్లజోడు కూడా దాచేశారు. తిండి లేకే ఇలా అయ్యారండీ అన్నాను, గొణిగినట్టు. మీ అల్లుడేమో "అక్క చెబుతోంది కదా" అంటారు. ఏం మనుషులమ్మా వీళ్లు!

ఆదివారం కళ్లు తేలేశాక ఆటో ఎక్కించారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగారు. నేనే తలుపు వెనక నుంచి, "శుక్రవారం నుంచి మంచినీళ్లు కూడా లేవండి" అన్నాను.

"పిచ్చీ కాదు, దయ్యమూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్. గట్టి మనిషైతే జ్వరంతో సరిపోయేది. ఇంత నీరసించిన ఒంటికి చిన్న జబ్బు వచ్చినా మతి చెదురుతుంది. మళ్లీ ఇలా అయితే పూర్తిగా తేరుకుంటారని చెప్పలేను" అన్నారావిడ. సెలైన్ పెట్టి, కళ్లజోడు పెట్టించి, ఇది ఆసుపత్రి అని మాటిమాటికీ చెబుతూ ఉండమన్నారు. మెల్లగా అత్తయ్యగారు తెలివిలోకి వచ్చారు. నేను పట్టిన జావ గుక్కెడు తాగి అన్న మొదటి మాటేంటో తెలుసా? "ఏమే, జావలో ఉప్పేదీ?" ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

నిన్న ఇంటికి తెచ్చాం. ఇప్పుడు వదినగారు ఏమంటున్నారో విను. స్వస్థత ఇచ్చినందుకు ఈ శుక్రవారం కృతజ్ఞత ఉపవాసమట! అత్తయ్యగారు సరేనన్నారు కూడా! తల బాదుకోవాలనిపించింది.

అమ్మా, సంఘంలో స్త్రీల కూటం నడిపించేదానివి, నీ మాటంటే అత్తయ్యగారికి గురి. ఒక్కసారి ఫోన్ చేసి, తిని ప్రార్థన చేసినా దేవుడు వింటాడని చెప్పు. అరటి లోడు దించి తిరిగొస్తున్న మన ఊరి డ్రైవరు చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. రేపటికి అందుతుంది.

నాన్నకి, మామ్మకి నా వందనాలు. మా కోసం ప్రార్థించండి. నువ్వు చెప్పినా వినకపోతే, శుక్రవారం పొద్దున్న జావ గ్లాసు పట్టుకుని వాళ్లందరి ఎదుటా నేనే నిలబడతాను. వాళ్లేమన్నా సరే, గ్లాసు మాత్రం దించను. ఉప్పు వేసే తెస్తాను.

నీ కూతురు,
సువార్త