నాన్న క్రియాటినిన్ గీత

బుధవారం, రాత్రి

సూర్యాపేటలో ఇచ్చిన కిడ్నీ పరీక్ష రిపోర్టులో నాన్న క్రియాటినిన్ పోయిన నెల కంటే కొంచెం తగ్గింది. మునగాలలో కోదాడ బస్సు దిగి ఇల్లు చేరేలోపే అమ్మ ఎదురైనవాళ్ళందరికీ చెప్పేసింది.

నాకు సంతోషం కలగలేదు. పాత రిపోర్టులన్నీ తీసి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. కాన్వెంటు స్కూల్లో లెక్కల సిస్టర్ నేర్పినట్టు, చుక్కల మధ్య నల్లదారం బిగించి, దానికి పైనా కిందా చుక్కలు సమానంగా ఉండేలా సర్ది గీత గీశాను. గీత పైకే పోతోంది. అంటే కిడ్నీలు ఇంకా పాడవుతున్నాయి. మళ్ళీ దారం వేసి చూశాను. అంతే వచ్చింది.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఆఖరి చుక్క కిందికే ఉన్నది గద బిడ్డా. గాడికెల్లి గీయరాదు?”

“ఒక్క చుక్కను పట్టుకొని గీయొద్దు నాన్నా.”

“మీ సిస్టర్లు జరంత కనికరం లేకుండ నేర్పిన్రు,” అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. గీతను ఇంకాస్త పొడిగిస్తే, డయాలిసిస్ తప్పదని డాక్టరు చెప్పిన అంకెను ఎండాకాలం రాకముందే దాటుతుంది. అందుకే ఆఖరి చుక్క దగ్గర ఆపేశాను.

“ఇంకా ముందుకు గుంజితే యాడికి పోతది?”

“కాగితం అయిపోయింది నాన్నా.”

కాగితం సగం ఖాళీగానే ఉంది. నాన్న ఆ ఖాళీ గళ్ళను చాలాసేపు చూశాడు.

“అవు బిడ్డా, అయిపోయింది,” అన్నాడు. “మీ అమ్మకు మాత్రం సూపెట్టకు.”